గూడూరులో కుస్తీ పాఠం

గూడూరు జంక్షన్‌లో దిగాను. చెన్నై దారి, రేణిగుంట దారి విడిపోయేది ఇక్కడే. నేనెక్కాల్సిన బండికి ఇంకా రెండు గంటలుంది. సరే, ఊళ్ళోకి నడిచాను. ఎదురొచ్చి పలకరించింది నిమ్మకాయల వాసన. గూడూరు నిమ్మంటే మాటలా మరి!

మార్కెట్ పక్క టీ కొట్లో నలుగురు కుర్రాళ్ళు సెల్‌ఫోన్ చుట్టూ మూగారు. తెరమీద రెజ్లింగ్. ఒకడు తాళ్ళమీదికెక్కి అవతలివాడి మీదికి దూకాడు.

"అంతా ఉత్తుత్తేలే!" అన్నాడొకడు.

"అట్టయితే నువ్వు దూకరా చూద్దాం!" అన్నాడు ఇంకొకడు.

ఇద్దరి మాటా నిజమే. గెలుపెవరిదో ముందే అనుకుని ఆడే ఆట అది. కానీ ఆ ఒప్పందం సంగతి నేలకు తెలీదుగా!

సినిమా హీరోల్లాగే ఈ వస్తాదులకూ ఎవరి బాణీ వారిది. అమెరికా వస్తాదు లూ థెజ్‌ది పట్ల బాణీ. చెయ్యి మెలిపెట్టి, మెడ బిగించి ఊపిరాడనివ్వడు. 1968లో బొంబాయిలో అతనితో తలపడి నెగ్గినవాడే మన దారాసింగ్... అదే, టీవీ రామాయణంలో హనుమంతుడు! దారాసింగ్ పాత ప్రత్యర్థి కింగ్‌కాంగ్‌ది బరువు బాణీ. మీద పడితే చాలు! మెక్సికోవాళ్ళు ముసుగులు వేసుకుని గాల్లో ఎగురుతారు. జపాన్‌వాళ్ళు దెబ్బ గట్టిగానే తగలనిస్తారు.

అంతదూరం ఎందుకు? పక్కనే ఉన్న నెల్లూరు చూడండి. భీముడి మల్లయుద్ధమున్న విరాటపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన అక్కడివాడే. 1963లో 'నర్తనశాల' వచ్చింది. భీముడు వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాలరావు. ఆయనతో కుస్తీ పట్టింది నెల్లూరు కాంతారావు. ఇద్దరూ కండలున్న అసలు సిసలు వీరులే. డూపుల గొడవే లేదు!

ఇంతలో మూట దించి టీకొచ్చాడో హమాలీ. "పెద్దాయనా, మూటనెత్తడం కష్టమా, మనిషినెత్తడమా?" అనడిగాను.

"మూటే అబ్బయా! అది మనకేం సాయం చెయ్యదు. మనిషయితే తనూ ఎగరతాడు గదా!"

కుస్తీ రహస్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఎత్తేవాడితోపాటు లేచేవాడూ ఎగరాలి. పడేవాడు గడ్డం గుండెకానించి, వీపు పరుచుకుని పడాలి. బాణీ ఏదైనా ముందు నేర్పేది పడటమే. అవతలివాడి మెడ ఇవతలివాడి చేతిలో ఉంటుంది. నమ్మకం తప్పితే ఆట లేదు. అన్నీ నేర్చినా ఒక్కోసారి చాలదు. జపాన్ మేటి మిత్సుహారు మిసావా 2009లో హిరోషిమా రింగులో వెనక్కి విసిరే పట్టులో పడి, మళ్ళీ లేవలేదు.

'ఉత్తుత్తే' అన్న కుర్రాడు తల దించుకున్నాడు. "పోయినేడు మా తమ్ముణ్ణి అట్టనే ఎత్తేశానన్నా. ఉత్తుత్తే గదా అనుకున్నా. వాడి మోచెయ్యి ఇరిగింది. ఇప్పటికీ పూర్తిగా చాపలేడు."

ఎవరూ మాట్లాడలేదు. నిజమని నమ్మినవాడు భయపడి దూరంగా ఉంటాడు. అబద్ధమనుకున్నవాడే చెయ్యి విరగ్గొడతాడు!

బండి వేళయింది. లేచాను. వెనకనుంచి ఆ కుర్రాడే పిలిచాడు.

"అన్నా! ఆ నర్తనశాల ఫోన్లో దొరుకుద్దా? మా తమ్ముడికి చూపిస్తా... పక్కన కూచోబెట్టుకునే!"