కమండలువులో కడలి

భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథ తెలుగువారికి కొత్త కాదు. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న సత్యవ్రతుని దోసిలిలోకి ఒక చేపపిల్ల వచ్చి, కాపాడుమని వేడుకొన్నది. రాజు దానిని కమండలువులో ఉంచాడు. ఒక్క రాత్రిలో కమండలువు చాలలేదు. కడవ చాలలేదు, కొలను చాలలేదు. చివరకు సముద్రమే శరణ్యమైనది. ఇది భగవంతుని మహిమను చాటే కథ. అయితే చేపలు పెంచదలచిన గృహస్థుకు ఇందులో మరొక నీతి కూడా ఉన్నది. చేరదీసిన ప్రాణికి ఎంత చోటు, ఎటువంటి నీరు కావలెనో చేరదీసినవాడు ఎరిగి ఉండాలి.

ఈ ఆలోచనకు కారణం మా మనుమడు. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చిత్రం చూసి, అందులోని చేప మన చర్ల ఇంట్లో కావాలంటున్నాడు. “మన తాలిపేరులో చేపలు బతుకుతున్నాయి కదా తాతయ్యా, ఇదెందుకు బతకదు?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. తెలుసుకొన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆంగ్లంలో దానిని క్లౌన్ ఫిష్ అంటారు. సంస్కృత నాటకాల వాసన వదలని నేను ‘విదూషక మీనం’ అంటున్నాను. ఇంతకంటే మంచి మాట తట్టిన మిత్రులు చెప్పగలరు. నారింజ రంగు దేహంపై తెల్లని పట్టీలు. దాని కాపురం సీ అనిమోనీలో. అది పువ్వులా కనిపించే జంతువు, తాకిన చేపలను కుట్టి చంపుతుంది. విదూషక మీనానికి మాత్రం ఒంటిమీది జిగురుపొర రక్ష. ఈ చేపలన్నీ మొదట మగవే. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదవుతుంది. అది మరణిస్తే జతలోని మగచేపే ఆడదిగా మారుతుంది. గుడ్లకు కాపలా కాసేది తండ్రి.

ఇక నీటి సంగతి. తాలిపేరు మా మండలంలోనే గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి కడలికి మోసుకుపోయే మంచినీరు, ఒండ్రు పగడానికి గిట్టవు. అందుకే నదీముఖాల దగ్గర పగడపు దిబ్బలు పెరగవు. మన దేశంలో అవి మన్నారు సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ ప్రాంతాలలో ఉన్నాయి. అక్కడి చేపను ఇక్కడ ఉంచాలంటే సముద్రాన్నే తయారుచేయాలి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు. వంట ఉప్పు పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం వంటివన్నీ ఉన్న మిశ్రమం కొనాలి. తొట్టిలో ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. కనుక తగ్గినంత మేర పోయవలసింది శుద్ధమైన మంచినీరే. చేప విసర్జించే అమోనియాను హరించే సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టిలో చేపను వదలరాదు. వేడి 24 నుండి 27 డిగ్రీలు ఉండాలి. మా వేసవి ఎండ 45 డిగ్రీలు కూడా దాటుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి పంపు ఆగితే చేపకు ఊపిరాడదు.

మరొక ధర్మసందేహం, చేప ఎక్కడిది? ఫిలిప్పీన్స్‌లో 1960ల నుండి సయనైడ్ చల్లి, చేపలను మత్తులో ముంచి పట్టారు. ఆ విషానికి పగడాలూ చచ్చాయి. విదూషక మీనం విషయంలో ఈ పాపం అక్కరలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దానిని గుడ్డు నుండి హేచరీలో పెంచే విధానం రూపొందించారు. ఆ చిత్రాలలోనే కనిపించే నీలి చేప, బ్లూ టాంగ్, సంగతి వేరు. దానిని తొట్టిలో గుడ్డు నుండి పెంచగలిగింది 2016లో, అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవారు. అంగుళాల పిల్లగా అమ్మే ఆ చేప అడుగు దాకా పెరుగుతుంది. సత్యవ్రతుని చేపకు చుట్టమన్నమాట!

కనుక నీలి చేప మా ఇంటికి రాదు. విదూషక మీనమైతే హేచరీలో పుట్టినదే రావాలి. అదీ కరెంటు పోయినా పంపు ఆగని ఏర్పాటు, వేసవిలో నీటిని చల్లబరిచే ఏర్పాటు కుదిరిన తరువాతే. వీటిని డబ్బుతో సమకూర్చవచ్చు. డబ్బుతో తీరనిది ఒకటున్నది. చక్కగా చూసుకొంటే ఆ చేప పదేళ్ళకు పైగా జీవిస్తుంది. నాకు అరవై దాటాయి. వాడు పై చదువులకు ఊరు దాటుతాడు. అప్పుడు ఈ చిన్న సముద్రానికి నీరు పోసేదెవరు? దీనికి ఇంట్లో ఒకరు బాధ్యతగా జవాబు చెప్పేవరకు నేను తొట్టి కొనను.