వ్యాన్ నెత్తిన పడవలు!

బేతంచెర్లలో నీళ్లెక్కడివి, పడవలెక్కడివి అని నవ్వకండి! పడక, పొయ్యి ఉన్న మా వ్యాన్ నెత్తిన రెండు కయాక్‌లు ఎక్కించుకుని అవుకు జలాశయానికి పోవాలని మా ప్లాను. ‘మూగమనసులు’ (1964)లో అక్కినేనికి ఈ తలనొప్పి లేదు. ఆయనకు గోదారి ఎదురుగానే ఉంది! మా సీమలో పడవే నీళ్లను వెతుక్కుంటూ రోడ్డెక్కాలి.

2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్న ఈ ఊరికి పేరు తెచ్చింది నాపరాయి. ఎటు చూసినా పాలిష్ ఫ్యాక్టరీలు, రంపాల మోత, తెల్లటి దుమ్ము. తెల్లచీర కట్టిన హీరోయిన్ నడిచొస్తే కనపడదంటే నమ్మండి! అక్కడ లారీకి బండలెత్తుతున్న ఒక పెద్దాయన వాటన్నిటినీ అంచుమీద నిలబెడుతున్నాడు.

“పండబెట్టవా పెద్దాయనా?”

“పండబెడితే గతుకుల్లో పగుల్తాదప్పా. నిలబెడితే ఏం గాదు.”

నాకు కావాల్సిన మాట దొరికింది. ప్లాస్టిక్ కయాక్‌దీ అదే గుణం. పండబెట్టి బెల్టు బిగిస్తే ఎండకు మెత్తబడి సొట్ట పోతుంది. అంచుమీదైతే గట్టిగా నిలుస్తుంది, తక్కువ చోటులో రెండూ పడతాయి. అందుకే ‘జె’ ఆకారపు కొక్కేలున్న క్యారియర్‌కే నా ఓటు. ఎత్తు పెరుగుతుంది, నిజమే. మొత్తం కొలిచి స్టీరింగ్ ముందు రాసి పెట్టుకున్నా. రైలు వంతెన కిందికి పోయేముందు చూసుకోవద్దూ?

వెల్డింగ్ షాపాయన ఇనుప యాంగిళ్లతో బ్రహ్మాండమైన క్యారియర్ చేస్తానన్నాడు, అచ్చం విలన్ జీపు మీదుండేలాంటిది! కయాక్ ఒక్కోటి ఇంచుమించు 25 కిలోలు. వ్యాన్ పుస్తకంలో రాసిన టాపు బరువులో క్యారియర్ బరువూ కలిసే ఉంటుంది. ఇనుమే సగం తినేస్తే ఎలా? అల్యూమినియం కడ్డీలు రెండు, వీలైనంత ఎడంగా బిగించాం.

“బెల్టులు చాలన్నా, తాళ్లెందుకు?” అన్నాడు తమ్ముడు. వెనకాల బైకు మీద పెళ్లాంబిడ్డలతో ఎవరో వస్తుంటారు. పడవ ఎగిరి పడితే అక్కడ డూప్ ఉండడు నాయనా! ముందు కొక్కేనికొకటి, వెనక కొక్కేనికొకటి తాడు కడితేగానీ తాళంచెవి ఇవ్వనన్నాను. మొహం మాడ్చుకుని కట్టాడు.

బనగానపల్లెలో ఆపి చూస్తే ఒక బెల్టు వదులైంది. బిగించాం. ఆ ఊరొచ్చి మామిడిపళ్లు కొనకుండా పోతామా? టాపు కోటా అయిపోయింది గనక బుట్ట తమ్ముడి ఒళ్లో పెట్టాను. అవుకు చేరేసరికి సగం బుట్టే మిగిలింది!