సింటర్‌క్లాస్ సంతకం

నెదర్లాండ్స్‌లో డిసెంబరు 5 సాయంత్రం ఇచ్చుకునే బహుమతి ఖరీదు పదో పదిహేనో యూరోలు. దాని చుట్టూ చేసే కట్టు మాత్రం రెండు మూడు సాయంత్రాల పని. ఆ కట్టునే డచ్చివాళ్లు 'సుర్‌ప్రీజ' అంటారు. రాతలో ఇంగ్లీషు సర్‌ప్రైజే, పలకడం ఫ్రెంచి వాసన. అర్థం కూడా కాస్త పక్కకి జరిగింది. ఇక్కడ సుర్‌ప్రీజ అంటే ఆశ్చర్యం కాదు, బహుమతిని పొట్టలో దాచుకుని టేబుల్ మీద కూర్చున్న వస్తువు.

పండగ సింటర్‌క్లాస్‌ది, అంటే సెయింట్ నికోలస్‌ది. ఇప్పటి టర్కీలో ఉన్న మైరాకి ఒకప్పుడు బిషప్ అని చెప్తారు. ఏటా నవంబరు మధ్యలో స్పెయిన్ నుంచి స్టీమరులో వచ్చి దిగుతాడు. పిల్లలు రాత్రి బూటు పెట్టి, అందులో ఆయన గుర్రానికి ఒక క్యారెట్ వేసి పడుకుంటారు. శాంటా క్లాజ్ అన్న పేరు ఈయన పేరులోంచే పుట్టింది. ఇదంతా పిల్లల వ్యవహారం. నాకు ఆసక్తి కలిగించింది పిల్లలకి ఆ నమ్మకం పోయాక మొదలయ్యే రెండో అంకం.

ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చేసరికి స్కూల్లో చీటీలు తీయిస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లకి నువ్వు సింటర్‌క్లాస్‌వి. పెద్దయ్యాక ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఇదే ఆట. (చిన్న లెక్క: ఎనిమిది మంది చీటీలు తీస్తే కనీసం ఒకరికి తన పేరే వచ్చే అవకాశం దాదాపు 63 శాతం. ఎనభై మంది తీసినా అంతే. అందుకే మళ్లీ కలపండి, మళ్లీ తీయండి అనే గోల ఎప్పటికీ తప్పదు. ఇప్పుడు వెబ్‌సైట్లు వచ్చి ఆ గోల కాస్తా పోగొట్టాయి.)

నియమం ఒక్కటే: కట్టు ఆ మనిషి గురించి ఉండాలి. ఎప్పుడూ సైకిల్ మీదే తిరిగేవాడికి అట్టముక్కల సైకిలు, ప్రతిదీ మర్చిపోయేవాడికి అడుగున్నర తాళంచెవి. రంగు కాగితం, రిబ్బను, సెలోటేపు ఎవరికైనా ఒకటే. సుర్‌ప్రీజ ఇంకొకరికి పనికిరాదు.

మొదటి ఏడు నాకు మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఆవిడ పేరొచ్చింది. మా కోడ్‌లో పురుగులు ఏరడమే ఆవిడ ఉద్యోగం కాబట్టి పురుగునే చేద్దామనుకున్నా. చేసే పద్ధతి సులువే. బూర ఊది ముడేయాలి. పాత న్యూస్‌పేపరు కత్తిరించకుండా చేత్తో పీలికలు చెయ్యాలి, చింపిన అంచులే బాగా అతుక్కుంటాయి. ఇక్కడివాళ్లు వాల్‌పేపర్ జిగురు వాడతారు. నేను మన గోడల మీద సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు ఉడికించాను. మూడు పొరలు, పొరకీ పొరకీ మధ్య ఆరబెట్టడం. తేమగా ఉండే ఈ దేశంలో డిసెంబరులో ఏదైనా ఆరాలంటే హీటరు పక్కన పెట్టాల్సిందే. ఆరాక బూరని సూదితో పొడిస్తే లోపల డొల్ల మిగుల్తుంది. పొట్ట కింద చాకుతో కిటికీ కోసి, బహుమతి పెట్టి, మళ్లీ కాగితం అతికించాను. ఎర్ర రంగు, నల్ల చుక్కలు, ఆరు తీగ కాళ్లు. ఐదో కాలు చివరిదాకా సహకరించలేదు.

అసలు కష్టం పద్యం. సుర్‌ప్రీజతో పాటు ఒక పద్యం ఉండాలి, విప్పేముందు దాన్ని అందుకున్నవాళ్లే అందరిముందూ పైకి చదవాలి. ద్విపదల్లాంటి జంట పాదాలు, చివర అంత్యప్రాస. ఏడాదిపొడుగునా చేసిన వెధవ పనుల చిట్టా అందులో సింటర్‌క్లాస్ చూసినట్టుగా ఉంటుంది. రాసినవాళ్ల పేరు ఉండదు. 'సింట్' అనో, ఆయన సహాయకుడి పేరు 'పీట్' అనో సంతకం. సాహిత్య విలువ? సున్నా. ప్రాస కోసం మనిషి పేరునే వంకర తిప్పేస్తారు. కానీ బ్యాంకు ఉద్యోగులూ ప్లంబర్లూ ఏడాదికోసారి కూర్చుని ప్రాస వెతుక్కునే దేశం మీద నాకు గౌరవం కలిగింది. మన చాటువుల్ని, పెళ్లి పంక్తుల్లో వియ్యాలవారిని దెప్పుతూ పాడే పాటల్నీ ఈ పద్యాల పక్కన పెట్టి చూడొచ్చు. పొగిడితే ఎవరికీ గుర్తుండదు. దెప్పాలంటే మనిషిని సరిగ్గా చూసి ఉండాలి.

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో 1660ల్లో యాన్ స్టేన్ వేసిన సింటర్‌క్లాస్ పండగ బొమ్మ ఉంది. పాపకి చేతినిండా బహుమతులు, అన్నకి బూటులో బెత్తం. వాడు ఏడుస్తుంటే ఇంకో కుర్రాడు వేలు చూపించి నవ్వుతున్నాడు. వెనకాల తెర దగ్గర నాయనమ్మ మాత్రం ఇటు రమ్మని సైగ చేస్తోంది. అక్కడ వాడి కోసం ఏదో దాచినట్టే ఉంది. ముందు ఏడిపించడం, తర్వాత దాచింది ఇవ్వడం: సుర్‌ప్రీజ అంతా నాకు ఆ మూలలో కనిపిస్తుంది.

ఇదే పండగలో ఇంకో రకం వెక్కిరింత కూడా ఉంది. సింటర్‌క్లాస్ పక్కన నల్లటి సేవకుణ్ని నిలబెట్టింది 1850లో యాన్ స్హెంక్‌మన్ అనే బడిపంతులు రాసిన పిల్లల పుస్తకం. స్టీమరు కూడా అందులోదే. తర్వాత తరతరాలుగా తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు, పెదాలకి ఎర్రరంగు పూసుకుని, ఉంగరాల జుట్టు విగ్గు పెట్టుకుని 'నల్ల పీట్' అయ్యారు. 2011లో దోర్ద్రెహ్త్‌లో, ఇది జాత్యహంకారమని రాసున్న టీషర్టులు వేసుకుని నిలబడినందుకు క్విన్సీ గారియోని, ఆయన స్నేహితుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. ఇప్పుడు చాలాచోట్ల పీట్ చెంపలకి పొగగొట్టపు మసి మరకలే ఉంటున్నాయి. 'సరదాకే కదా' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. నల్ల పీట్‌లో సరదా ఎవరిదో ఒక మనిషిది కాదు, ఒక రంగుది. ఆ రంగు ఉన్నవాళ్లు ఎవరైనా సరిపోతారు. సుర్‌ప్రీజ నీకు తప్ప ఇంకెవరికీ సరిపోదు. నాకీ తేడా పెద్దదిగా అనిపిస్తుంది.

ఈ దేశానికి కొత్తగా వచ్చిన గోధుమరంగు మనిషికి ఇది చర్చ మాత్రమే కాదు. నా వంతు వచ్చినప్పుడు ముందుకి జరిపిన వస్తువు టిఫిన్ క్యారియరు. నాలుగు గుండ్రటి అట్టపెట్టెలు, చుట్టూ అల్యూమినియం ఫాయిలు, హ్యాంగరు తీగ వంచి చేసిన పిడి, పక్కన క్లిప్పు కూడా. పద్యం మొదటి పాదంలోనే నా మధ్యాహ్న భోజనం. కూర, వాసన, ఇండియా... ఎటు పోతుందో నాకు తెలిసినట్టే అనిపించింది. గొంతు సర్దుకుని చదివాను.

అటు పోలేదు. మా ఆఫీసులో పన్నెండింటికి అందరూ కలిసి బ్రెడ్డూ చీజూ తింటారు. నేను ఒంటిగంట దాటాక, కిచెన్ ఖాళీ అయ్యాక వెళ్లి పులుసు వేడిచేసుకునేవాణ్ని. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ అనకముందే నేను చూసుకున్న ఏర్పాటది. ఎవరికీ తెలియదనే అనుకున్నాను. పద్యంలో సింటర్‌క్లాస్ అడుగుతున్నాడు: నా స్టీమరు ఎన్నో రేవుల గుండా వచ్చింది, నా ముక్కు దేనికీ భయపడదు, నువ్వు ఎవరి ముక్కుకి భయపడి ఒక్కడివే తింటున్నావని. పై గిన్నెలో పన్నెండు గంటలు చూపించే కాగితం గడియారం. రెండోదాంట్లో నిజం బ్రెడ్డు ముక్క. మూడోది ఖాళీ. అడుగు గిన్నెలో బహుమతి, ఒక స్టీలు గరిటె. వడ్డించేది.

నవ్వారు అందరూ. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఎవరు చేశారో తెలియదు. ఏడుగురి మొహాలూ చూశాను, దొరకలేదు. మన పెళ్లిళ్లలో నూట పదహార్లు చదివించినా మైకులో పేరు రావాలి. స్టీలు బిందె ఇస్తే దాని మెడ మీద పేరు చెక్కి ఉండాలి, ఎందుకంటే అది బాకీ, వాళ్ల ఇంట్లో పెళ్లికి తిరిగి చదివించాలి. అందులో తప్పేమీ లేదు, అదొక లెక్క, ఆ లెక్క మీద ఊళ్లు నడిచాయి. కానీ ఒంటిగంటకి వంటగదిలో నన్ను గమనించిన మనిషి పేరు నాకు తెలిసి ఉంటే, ఆ మనిషికి థాంక్స్ చెప్పి, మిగతా ఆరుగురితో మామూలుగానే ఉండిపోయేవాణ్ని. తెలియకపోవడం వల్ల ఏడుగురికీ బాకీ పడ్డాను.

ఆ తర్వాత పన్నెండింటికే వెళ్తున్నాను. గోంగూర మీద ఇద్దరికి నిజమైన అభిప్రాయాలున్నాయి, ఒకరు చెప్పకుండా పక్కకి నెట్టేస్తారు.

ఈ ఏడు నా చీటీలో వచ్చినాయనకి రెండు అలవాట్లు. ఒకటి, సోమవారం వస్తే అదే ఆకుపచ్చ స్వెట్టరు. రెండు, వారానికి మూడురోజులు మధ్యాహ్నం మూడింటికే లేచి వెళ్లిపోతాడు. వృద్ధాశ్రమంలో తల్లి ఉంది, ఈమధ్య ఆవిడ ఈయన్ని గుర్తుపట్టడం లేదని ఒకసారి కాఫీ మిషన్ దగ్గర చెప్పాడు. ఆ మూడు గంటలని పద్యంలోకి తేవచ్చా? నా పులుసుని ముట్టుకున్న మనిషి ఇలాగే ఎన్ని రోజులు ఆలోచించి ఉంటారో. (తెలుగులో రాస్తున్నాను కాబట్టి రహస్యం బయటపడే ప్రమాదం లేదు.) ఆయన పద్యం ఆయనే పైకి చదవాలి, ఆ పాదం దగ్గర గొంతు ఆగితే ఎనిమిది మందిమీ ఏం చేస్తాం?

ప్రస్తుతానికి ఆకుపచ్చ ఉన్ని రెండు ఉండలు కొన్నాను. మూడు గంటల పాదం రాసి, వేరే కాగితం మీద పెట్టుకున్నాను.