తొమ్మిదివందల రూపాయల పొదుపు

సంఘమువారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు కొంత సంకోచించితిని. హోసూరు ప్రాంతపు తెలుగువారి చరిత్రను, శాసనములను, పాటలను గూర్చి వ్రాయదగిన పెద్దలు మనలో పలువురు గలరు. నేను ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా లెక్కలు వ్రాసినవాడను. నాకు చేతనైనది జమాఖర్చు. కావున ఒక జమాఖర్చు కథనే మనవి చేయుచున్నాను. అది 1996వ సంవత్సరములో మా అన్నగారి పాత పికప్ బండికి ఇంజను మార్పించిన కథ.

ఆ బండి మహీంద్రావారి ఎఫ్.సి. 150. నేటి పిల్లలు దానిని చూచియుండరు. జీపు జాతిదే కాని జీపునకున్న ముక్కు దానికి లేదు. డ్రైవరు కూర్చుండు గది ముందుచక్రముల మీదనే యుండును. ఇంజను ఆ గదిలోనే, రెండు సీట్ల నడుమ, ఒక ఇనుపమూత క్రింద నుండును. వెనుక భాగమంతయు సరకునకే. వేసవిలో ఆ మూత ప్రక్కన కూర్చుండిన వాని కాలు పొయ్యి ప్రక్కన పెట్టినట్లే కాగుచుండెడిది. మా నాయనగారు దానిని పాతబండిగా కొని, వ్యవసాయముతోపాటు బాడుగ కూడ సాగించిరి. ఆయన తరువాత అది మా అన్నగారి చేతికి వచ్చెను. అన్న అయిదవ తరగతితో చదువు మానివేసి బండి వెంట తిరిగినందుననే నేను మెట్రిక్యులేషను వరకు చదువగలిగితిని. ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నానో ముందు తెలియగలదు.

మా ఊరి చుట్టుప్రక్కల పండు చిక్కుడు, కోసు, టొమాటో, రోజాపూలు బెంగుళూరునకే పోవలెను. హోసూరు నుండి కలాసిపాళ్యము సంతకు నలువది కిలోమీటర్లు. రాత్రి పదునొకండు గంటలకు తోటలలో సరకు ఎత్తుకొని, జూజువాడి, అత్తిబెలె, చందాపురము దాటి, తెల్లవారకమునుపే సంతలో దింపవలెను. ఆలస్యమైన కాయకు ధర లేదు. అన్న ఇరువదియేండ్లు ఈ పనియే చేసెను.

బండిలోని ఇంజను హరికేను అను పేరు గలది. విల్లీసువారి నమూనా. నాలుగు సిలిండర్లు, 2,199 ఘనసెంటీమీటర్లు. గాలి లోపలికి వచ్చు వాల్వులు హెడ్డులోను, పొగ వెలుపలికి పోవు వాల్వులు ప్రక్కన బ్లాకులోను ఉండుట దాని విశేషము. గట్టి ఇంజనే కాని పెట్రోలు త్రాగుటలో దానికి మొగమాటము లేదు. బరువుతో లీటరునకు ఆరు కిలోమీటర్లు మించదు. పోను రాను ఎనుబది కిలోమీటర్లకు పదమూడు లీటర్లకు పైబడి ఖర్చు. ఆ దినములలో డీజలు ధర పెట్రోలు ధరలో సగముకంటె తక్కువ. డీజలు బండ్లు గలవారు తక్కువ బాడుగకు ఒప్పుకొనుచుండగా, అన్నను పిలుచు రైతులు ఒక్కరొక్కరుగా తగ్గిపోయిరి. క్రొత్త బండి కొనుటకు శక్తి లేదు. పాతది అమ్మినచో ఇనుము ధర తప్ప రాదు. ఇక మిగిలిన దారి, బండి నుంచుకొని ఇంజను మార్చుట.

నేను మా కార్యాలయపు సహకార సంఘములో 36,000 రూపాయలు అప్పు తీసికొంటిని. ముప్పది నెలలలో జీతము నుండి విరుగగొట్టుదురు. అంతకు మించి ఒక్క రూపాయయు లేదు.

మేస్త్రి మన తెలుగువాడే. 1970ల తరువాత సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినపిమ్మట హోసూరులో లేతుపనివాండ్రు, వెల్డింగువాండ్రు బాగుగా పెరిగిరి. వారిలో చేయి తిరిగినవాడు. అతని షెడ్డులో తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ నాలుగును కలసి వినబడుచుండెడివి. పనిముట్ల పేర్లు మాత్రము అందరివి. అతడు జీపులలో వచ్చుచుండిన ప్యూజో డీజలు ఇంజనును సూచించెను. ఎక్స్.డి.పి. 4.90 అని దాని గుర్తు, 2,112 ఘనసెంటీమీటర్లు. పాతదానికి ఇంచుమించు సమానమైన పరిమాణము గనుక సీట్ల నడుమ ఇముడునని అతని లెక్క.

బెంగుళూరులో పాతసామానుల అంగళ్లు తిరిగితిమి. ఒకచోట 16,000 రూపాయలకే ఇంజను దొరకినది కాని దానికి బిల్లు లేదు. అన్నకు ఆశ పుట్టెను. నేను ఒప్పుకొనలేదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము ఇంజను మార్చుటకు, బండిని రిజిష్టరు చేసిన కార్యాలయపు అనుమతి కావలెను. క్రొత్త ఇంజను నెంబరు పుస్తకములో ఎక్కవలెను. ఎవని బండినుండి ఊడదీసినదో తెలియని ఇంజనునకు నెంబరు ఎక్కించుట ఎట్లు? ప్రమాదములో చితికిన ఒక జీపు ఇంజనును, బిల్లుతోను పత్రములతోను 22,000 రూపాయలకు తెచ్చితిమి. ఈ విషయమున నా గుమాస్తా బుద్ధి మేలే చేసెను. తరువాతి విషయమున చేయలేదు.

ఇంజను మార్చుట యనగా ఒకదానిని దించి మఱియొకదానిని ఎక్కించుటయే యని నేననుకొంటిని. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ మంట పుట్టించును. డీజలు ఇంజనులో గాలిని మిక్కిలి గట్టిగా నొక్కగా పుట్టిన వేడికే నూనె మండును. ఆ నొక్కిడిని ఓర్చుటకు దాని శరీరము బరువుగా నుండును. అందుచేత ముందు కమానుపట్టీలకు ఒక్కొక్క పట్టీ చేర్చవలెను. దానిని త్రిప్పుటకు పెద్ద బ్యాటరీ, లావైన తీగలు కావలెను. వాడగా మిగిలిన డీజలు తిరిగి ట్యాంకునకు పోవుటకు వేరొక గొట్టము వేయవలెను. ఇంజను కూర్చుండు దిమ్మలు కోసి, క్రొత్తచోట వెల్డు చేయవలెను.

అన్నిటికంటె సూక్ష్మమైనది ఇంజనును గేరుపెట్టెను కలుపు పని. రెండును వేర్వేరు కుదుళ్లవి, బోల్టురంధ్రములు కలియవు. నడుమ మందమైన ఉక్కుపలక నొకదానిని లేతుమీద తీర్చి, ఒక ప్రక్క ఇంజనును, రెండవ ప్రక్క గేరుపెట్టెను బిగింతురు. గేరుపెట్టెలోని ఇరుసు కొన ఇంజను క్రాంకు నడిబొడ్డున దూరి తిరుగవలెను. రెండింటి నడికట్టు ఒకే గీతలో నుండవలెను. అంగుళమును వేయి భాగములు చేసిన, అందులో అయిదు భాగములకు మించి తేడా యుండరాదు. మేస్త్రులు దానిని అయిదు థౌ అందురు. బోల్టు తన రంధ్రములో కొంచెము వదులుగానే యుండును. అది బిగించునే కాని స్థానము నిలుపదు. స్థానము నిలుపునవి డోవెల్ పిన్నులు. డయలుగేజి పెట్టి సరిచూచి, పలకలో పిన్నులు దిగగొట్టవలెను.

మేస్త్రి చెప్పగా నేను పట్టీ వ్రాసితిని. ఇంజను 22,000, పలక, లేతుపని 3,500, క్లచ్చి ప్లేటు 1,100, దిమ్మలు, వెల్డింగు 1,500, బ్యాటరీ 2,200, పొగగొట్టము 600, కమానుపట్టీలు 900, ట్యాంకు, గొట్టములు 800, కూలి 3,400. మొత్తము 36,000. చివర ఇంకొక పద్దు మిగిలెను: డయలుగేజి సరిచూపు, డోవెల్ పిన్నులు, 900.

నేను కలము తీసికొని ఆ పద్దును కొట్టివేసితిని. "పన్నెండు బోల్టులున్నవి గదా, పిన్నులు ఎందులకు?" అంటిని. మేస్త్రి నా మొగము చూచి, అన్న మొగము చూచి, "మీ ఇష్టం సార్" అనెను.

పని యిరువదిమూడు దినములలో ముగిసెను. మొదటి దినము ఒక వేడుక జరిగెను. అన్న తాళము త్రిప్పి దిగగా ఇంజను ఆగలేదు. డీజలు ఇంజనునకు తాళముతో పని లేదు. డీజలు అందకుండ చేయు తీగను లాగిననే ఆగును. పిల్లలందరు నవ్విరి. రెండవది వేడుక కాదు. పాత బండిలో వానతుడుపు ఇంజను పీల్పుబలముతో ఆడెడిది. డీజలు ఇంజనుకు ఆ పీల్పు లేదు. మొదటి వానలో తుడుపు కదలక, అన్న తల వెలుపల పెట్టి ఇంటికి వచ్చెను. పిదప విద్యుత్తుతో ఆడునది పెట్టించితిమి.

అనుమతి వచ్చెను, తనిఖీ జరిగెను, పుస్తకములో పెట్రోలు అను మాట పోయి డీజలు అను మాట వచ్చెను. లీటరునకు పదునొకండు కిలోమీటర్లు నడచెను. దారిఖర్చు నాలుగవ వంతునకు దిగెను. నేను కార్యాలయములో పదిమందికి ఆ లెక్క చూపి సంతోషించితిని.

ముప్పదియారవ దినమున, రాత్రి రెండుగంటలవేళ, చందాపురము దాటకమునుపే గేరుపెట్టెలో గరగర మొదలయ్యెను. గేరు దానంతట జారుచుండెను. పిదప బండి నిలిచిపోయెను. వెనుక ముగ్గురు రైతుల టొమాటో. వేరొక బండి దొరకునప్పటికి ప్రొద్దెక్కెను. సంతలో సగము ధర పలికెను. అన్న ముగ్గురికిని పూర్తి ధర లెక్కగట్టి తన చేతినుండి ఇచ్చి, పాలబండి ఎక్కి ఇంటికి వచ్చెను. వదినగారితో "గేరు పాతదాయె, అరిగిపోయింది" అని మాత్రము చెప్పెను.

షెడ్డులో విప్పి చూడగా ఇరుసు బేరింగు పొడియై యుండెను. పలక బోల్టుల వదులులో ప్రక్కకు జరిగెను. డయలుగేజి పెట్టగా పదునెనిమిది థౌ తేడా కనబడెను. నేను మేస్త్రిపై కోపించి, "ఇట్లగునని గట్టిగా చెప్పవలదా?" అని అడిగితిని. అతడు చేతులు తుడుచుకొని నెమ్మదిగా చెప్పెను:

"మీకు చెప్పలేదు సార్, మీ అన్నకు చెప్పినాను. పిన్నుల్లేకుంటే నిలవదన్నా, తొమ్మిదినూర్లు నేనే అప్పు పెట్టుకుంటాను అన్నాను. ఆయన ఒప్పలేదు. 'తమ్ముడు చదివినోడు, అప్పు వాని పేరుమీద ఉండాది, లెక్క వాడు చూసినాడు. వాడు కొట్టేసింది మనం మళ్ళా రాస్తే వానికి చిన్నతనం కదప్పా' అన్నాడు."

నాకు నోట మాట రాలేదు. ఇరువదియేండ్లు గేరుపెట్టె శబ్దము విని దాని రోగము చెప్పగల మనిషి, నేను వ్రాసిన కాగితమునకు గౌరవమిచ్చి మౌనము వహించెను. నేనో, ఆయనను ఒక్క మాట అడుగక, ఆ కాగితమే సర్వమనుకొంటిని. ఆయన మానిన చదువుతో నేను నేర్చిన అంకెలవి.

బేరింగు, ఇరుసు, క్రొత్త పలక, పిన్నులు అన్నియు కలసి 4,700 రూపాయలు అయ్యెను. నా భార్య తన గాజులు రెండు తాకట్టు పెట్టుటకు ఇచ్చెను. ఈసారి పట్టీ అన్న చెప్పగా నేను వ్రాసితిని. ఒక్క పద్దును కొట్టివేయలేదు. ఆ బండి తరువాత పదుమూడేండ్లు నడచెను. ఆ సంపాదనతో గాజులు విడిపించితిమి, అన్న కుమార్తె వివాహము జరిగెను. ఆ రాత్రి సంగతి అన్న నాతో ఎన్నడును ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తగా, "పోనీలేరా, బిల్లు లేని ఇంజను కొననీక పోతివే, అది గొప్ప" అని మాట మార్చెను. ఆయన 2017లో పోయిరి.

నేడు పాత బండ్లపై మోజుపడు యువకులు కొందరు ఈ కథ విని, తామును అట్లే చేయుదుమనుచున్నారు. వారికి రెండు మాటలు. 2000వ సంవత్సరపు సవరణతో చట్టము మారినది. ఆమోదము పొందిన సామగ్రితో గ్యాసునకో బ్యాటరీకో మార్చుట వంటివి తప్ప, తయారుచేసినవారి లక్షణములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు కూడ ఆ మాటనే గట్టిగా చెప్పినది. కావున మొదట కార్యాలయమునకు పోయి అడిగి, పిమ్మట అంగడికి పొండు. రెండవది, చేతిలో డబ్బు తక్కువైనప్పుడు రంగు తగ్గింపుడు, సీటు తగ్గింపుడు, ఆరు నెలలు ఆగుడు. కంటికి కనబడక బరువు మోయు పనిని మాత్రము తగ్గింపకుడు. ఏది అట్టిదో కాగితము చెప్పదు. బండి నడుపువానిని అడుగవలెను.

నాటి పట్టీ నాయొద్ద నేటికిని ఉన్నది. చివరి పద్దు మీద నా కలపుగీత స్పష్టముగా కనబడుచున్నది. పాత హరికేను ఇంజనును అన్న అమ్మనీయలేదు; నూనె పూసి, గోనెపట్ట కప్పి, పశువులకొట్టములో ఒక మూల నుంచెను. ప్రతి సంక్రాంతికి ఆయన దానిని తుడిచి నూనె రాచుచుండెను. ఇప్పుడు ఆ పని నేను చేయుచున్నాను.