పిల్లగాడు బొద్దుగున్నడని మురిసిపోకుండ్రి



మిర్గం దగ్గరపడ్డది. మనం విత్తనాల పనిల ఉంటే, ఉబ్బసమున్నోళ్లు చేపమందు కోసం సికింద్రాబాద్ స్టేషన్ల దిగి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు పోతుంటరు. 1845 నుంచి ఇస్తున్నమని బత్తిని కుటుంబం వాళ్లు చెప్తరు. ఎవరి నమ్మకం వాళ్లది. కానీ దాంతో ఉబ్బసం పోతదని వైద్యశాస్త్రంల రుజువు లేదు. చేపమందు తీసుకున్నా సరే, పిల్లలకు డాక్టర్ రాసిచ్చిన పంపు మాత్రం ఆపకుండ్రి.

ఇంకో ముచ్చట చెప్పాలె. సికింద్రాబాద్ల ఉండే మా అక్క మనుమడికి తొమ్మిదేండ్లు, బరువు 48 కిలోలు. చూసినోళ్లంత "పుష్టిగున్నడు" అంటరు. రాత్రయితే దగ్గు, ఛాతీల పిల్లికూతలు. ఆయాసమొస్తదని ఇంట్ల ఆట మాన్పిచ్చిన్రు. చేతిల ఫోను, పక్కన చిప్స్ ప్యాకెట్.

డాక్టరమ్మ ఉబ్బసం గురించే కాదు, బరువు గురించి కూడా గట్టిగ చెప్పింది. లావున్న పిల్లలకు ఉబ్బసం వచ్చే అవకాశం ఎక్కువ. పొట్ట, ఛాతీ మీది కొవ్వు ఊపిరితిత్తులను పూర్తిగా సాగనియ్యదు. ఆ కొవ్వు నుంచి పుట్టే కొన్ని పదార్థాలు ఒంట్ల వాపును పెంచుతయి. కొందరికి పంపు మందు కూడా సరిగ పనిచెయ్యదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకపోయిన ట్రాక్టర్‌కు ట్రాలీ నిండ లోడేసినట్టన్నమాట.

ఆయాసమని ఆట మాన్పిస్తే లావైతడు, లావైతే ఆయాసం పెరుగుతది. ఈ చక్రాన్ని మనమే తెంపాలె. ఉబ్బసం అదుపుల ఉంటే పిల్లలు ఉరకొచ్చు, ఆడొచ్చు. పంపు కల్లు లెక్క అలవాటు పడేది కాదు. మందు నేరుగ ఊపిరితిత్తులకే పోతది గనుక గోలీ కన్న చాల తక్కువ మోతాదు సరిపోతది.

అట్లని పిల్లల కడుపు మాడ్చొద్దు. ఎదిగే వయసు గనుక, ఎత్తు పెరుగుతుంటే చాలమందికి బరువు ఇంక పెరగకుండ చూస్తే చాలు. లావున్న పిల్లలకు వచ్చే ప్రతి ఆయాసమూ ఉబ్బసం కాదు, ఊదించి చేసే పరీక్షతోని తెలుస్తది.

ఇది పట్నం రోగమనుకోకుండ్రి. కూల్ డ్రింకులు, కుర్‌కురేలు మన ఊరి కిరాణంల కూడ వేలాడుతున్నయి. మనం కొయ్యకాళ్లు కాలవెడితే ఆ పొగ మన పిల్లల ఛాతీలకే పోతది.

పట్నంల ఉన్న మనుమలు, మనుమరాండ్ల దగ్గరికి పోయేటప్పుడు బేకరీ డబ్బా కాకుండ జామకాయలు, పల్లికాయ, మక్క కంకులు, తోటకూర పట్టుకపోండ్రి. సెలవులకు ఊరికొస్తే పంపు సంచిల పెట్టుకొని పొలం గట్ల మీద నడిపియ్యండ్రి. పిల్లగాని బుగ్గలు చూసుడు కాదు, రాత్రి ఊపిరి ఎట్ల తీస్తున్నడో చూడుండ్రి.