ఉడుతాభక్తి కాదు

మనయిండ్లలో వాడుక తగ్గి మూలబడియుండు వస్తువులను లెక్కింపబూనినచో రోలు, తిరుగలి మున్నగువాని సరసనే నేడు కంప్యూటరునుగూడ జేర్పవలసియుండును. పిల్లవాని చదువునకో, పంతులుగారి మార్కుల పట్టికకో దాని నొక గంట వాడుదుము. తక్కిన కాలమంతయు నది బల్లమీద నూరక కూర్చుండును. ఇట్లు వృథాపోవు లెక్కింపుశక్తిని లోకమందలి లక్షలకొలది గృహములనుండి కొద్దికొద్దిగా ప్రోవుచేసి వైద్యపరిశోధనకు వినియోగించు పద్ధతి యొకటి కలదు. దీనివలన శాస్త్రమునకు నిజముగా లాభము కలిగినదా, లేక దాతల మనస్తృప్తియే మిగిలినదా?

ఈ ప్రశ్న మాకు కాలక్షేపమునకై పుట్టినది కాదు. మేము కాపురమున్న వికారాబాదునకు చేరువ ననంతగిరి కొండమీద నిజాముకాలమున క్షయరోగ వైద్యశాల వెలసినది. చల్లనిగాలియు విశ్రాంతియుఁ దప్ప ఆ రోగమునకు వేఱు దిక్కులేని తరమువారి మాటలు మా వీధిలోని ముదుసళ్ల నోట నిప్పటికిని వినుచుందుము. తాండూరులో మా ఆడబిడ్డ పెద్దకుమారుడు రెండేండ్లక్రిందట నా రోగమువాతఁబడి, ఆఱునెలలు మాత్రలు మ్రింగి కోలుకొనెను. ఆ పిల్లవాడే కళాశాలలో నీ సంగతి తెలిసికొనివచ్చి తమ కంప్యూటరున నట్టి కార్యక్రమము నొకదానిని నెలకొల్పెను. తల్లికిది నచ్చలేదు. కందులు చెరుగుచున్న చేటను ప్రక్కనబెట్టి, "వదినా, రాత్రంత మిషిన్ నడుస్తున్నది, కరెంటు కాలుతున్నది. దీన్తోని మందు ఎప్పుడొస్తది?" అని మమ్ము సూటిగా నడిగెను. ఆమెకుఁ జెప్పినదానినే యిచట కొంత విరివిగా వ్రాయుచున్నాము.

మందు వచ్చుట యెంత కష్టమో మొదట తెలియవలెను. రిఫాంపిసిన్ అను మందు 1960ల నాటిది. దాని తరువాత, 2012లో బెడాక్విలిన్‌కు అనుమతి దొరకువఱకు, ఇంచుమించు నలువదియేండ్లు క్షయకు క్రొత్తజాతి మందు రానేలేదు. ఈలోపల పాతమందులకు లొంగని క్షయ ప్రబలినది. ఆ క్రిమి చుట్టును మైకోలిక్ ఆమ్లము లనెడు పొడవైన క్రొవ్వుపదార్థములతో నేర్పడిన మైనపుపొర యుండును. మందు లోనికి చొరకుండ నడ్డుకొనునది ముఖ్యముగా నా పొరయే. ఆ క్రొవ్వుతీగ లెట్లు ముడుచుకొనును, ఎట్లు పెనవేసికొనును అనునది ఏ సూక్ష్మదర్శినిలోనుఁ గనబడెడి సంగతి కాదు. ఒక్కొక్క పరమాణువు ఎటు కదలునో గణితముచేతఁ గనుగొనవలసినదే. 2016 మార్చి 24న, క్షయనిర్మూలన దినమునాడు, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు 'హెల్ప్ స్టాప్ టీబీ' అను పేర నీ గణితమును లోకులకుఁ బంచియిచ్చిరి. పంచినది 'వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్' ద్వారా. దానిని 2004లో ఐబీఎం సంస్థ నెలకొల్పగా, 2021లో కెనడాలోని టొరంటోయందలి క్రెంబిల్ పరిశోధనాలయము స్వీకరించినది.

పంచుట యెట్లనిన, తాండూరు కందులనే తలచుకొనుడు. వేయి బస్తాల కందులలో ఱాళ్లేరవలెనన్న నొక్కరికి జన్మ చాలదు. ఇంటింటికి నొక్కొక్క కుంచెడు పంచినచో నొక్కపూట పని. ఆ యింటియామె యేరుటకై పొరుగింటియామె యేరువఱకు కాచుకొన నక్కఱలేదు. ఈ గుణమున్న లెక్కలే యీ పద్ధతికిఁ దగును. క్షణక్షణమును ప్రక్కలెక్క సమాధానముకొఱకు నిలువవలసిన లెక్కలకిది పనికిరాదు. మఱి, ఎవరో యొకరు సరిగ నేరకున్న నెట్లని యడుగుదురేమో. ఒకే కుంచెడు రెండిండ్లకు వేర్వేఱుగఁ బంపి, రెండు సమాధానములును సరిపోలినఁ గాని యంగీకరింపని యేర్పాటు పెక్కు పరిశోధనలలోఁ గలదు. ఒక యింటి యంత్రము తప్పుచేసినను శాస్త్రము చెడదు.

ఇక ఫలములు. చిన్నపిల్లలకు వచ్చు న్యూరోబ్లాస్టోమా అను కేన్సరునకు మందు వెదకుటకై జపానులోని చిబాకు చెందిన నకగవారా పండితుని బృందమువారు 2009లో నీ దారి త్రొక్కిరి. ఇంచుమించు 30 లక్షల రసాయనములను ఇండ్లలోని కంప్యూటర్లచేత జల్లింపఁజేసి, 2014 నాటికి ఆశ గొలుపునవి 7 మిగిల్చిరి. వానిని ప్రయోగశాలలో నిజమైన రోగకణములపైనను, ఎలుకలపైనను పరీక్షించిరి. ఆ యేడును మందులని మేము చెప్పము, మందు కాఁదగినవి. అయినను 30 లక్షలు ఒక్కొక్కటిగా గాజుగొట్టములో పోసి చూచుటకు ఏ వైద్యశాలకు ధనమున్నది, ఏ తల్లికి వ్యవధియున్నది?

రెండవది మనమందఱమును తలుపులు మూసికొని కూర్చున్న 2020 నాటిది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున విజయ్ పాండే 2000లో నారంభించిన 'ఫోల్డింగ్ ఎట్ హోమ్' అను ప్రయత్నమున కా కరోనాకాలమున పది లక్షలకుఁ బైఁబడిన జనులు చేయూతనిచ్చిరి. సెకనుకు ఒకటి ప్రక్కన 18 సున్నలు పెట్టినన్ని లెక్కల వేగమును ప్రపంచమున నన్నింటికంటె ముందుగా దాఁటినది ఏ ప్రభుత్వపు మహాయంత్రమును గాదు, ఈ యిండ్ల కంప్యూటర్ల గుంపే! ఇంతచేసి వారు కూడఁబెట్టినది ఆ క్రిమి ప్రోటీనుల సెకనులో పదవవంతు కాలపు కదలిక మాత్రమే. నవ్వు వచ్చుచున్నదా? ఒక్క సెకనును కోటికోట్లకు మించిన భాగములుగాఁ జీల్చి ప్రతిభాగమునకును లెక్కకట్టవలె నన్నచో నా పదవవంతే మహాసముద్రము. అందులో క్రిమి తన ముల్లును విప్పుకొను తీరును, మందు కుదురుకొనఁగల దాఁగిన గూళ్లును బయటపడినవి. 2021లో 'నేచర్ కెమిస్ట్రీ' పత్రిక దానిని ప్రకటించినది.

కృత్రిమమేధ వచ్చినది కదా, ఇంక నీ కూలిపని యేల యని మా మేనల్లుని స్నేహితుఁడొకఁడు వాదించెను. నిజమే, ఆల్ఫాఫోల్డ్ అను యంత్రవిద్య ప్రోటీను రూపమును చూచుచుండగానే చెప్పఁగలుగుచున్నది; 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానములో సగము దానిని సృష్టించినవారికే పోయినది. తక్కిన సగమును డేవిడ్ బేకరు గ్రహించెను. ఆయన ప్రయోగశాలవారే 2005నుండి 'రోజెట్టా ఎట్ హోమ్' పేర నిండ్ల కంప్యూటర్ల సాయము గైకొనినవారు! అదియునుగాక, ఆల్ఫాఫోల్డ్ ఇచ్చునది నిలిచియున్న చిత్తరువు. నర్తకి చిత్తరువును చూచి యామె నాట్యము తెలిసినదందుమా? తలుపు తెఱచుకొను క్షణమును పట్టుటకు కదలికల గణితమే కావలెను.

మన పెద్దలు చిన్నసాయమును ఉడుతాభక్తి యందురు. ఆ యుడుత లేకున్నను శ్రీరాముని వారధి నిలిచియుండెడిది. ఆ ప్రాణి మనసే గొప్ప. ఇచటి సంగతి యట్లు కాదు. ఇక్కడ వానరవీరులెవ్వరును లేరు, వారధి కట్టినవి ఉడుతలే. వానిని తొలగించినచో మిగులునది సముద్రమే.

మా ఆడబిడ్డకు మేము నచ్చఁజెప్పినది దీనినే గాని, మందు వచ్చు తేదీని కాదు. ఆమె పూర్తిగ నొప్పుకొనలేదు. "పోరగాని కోసం నడవనియ్యి," అని మాత్ర మనెను.

కరెంటు విషయమున నామె పట్టుదల సబబే. 50 వాట్లు తీసికొను ల్యాప్‌టాప్ రాత్రి 8 గంటలు నడచినచో నెలకు 12 యూనిట్లగును. బల్లమీఁది పెద్ద కంప్యూటరునకు రెట్టింపో, అంతకుమించియో కావచ్చును. కనుక యంత్రశక్తిలో సగమే వాడునట్లు నియమము పెట్టుకొనవలెను, అందులకు వీలున్నది. కార్యక్రమమును ఆ సంస్థల సొంత తావునుండియే తెచ్చుకొనవలెను గాని, ఎవరో పంపిన లంకెను నమ్మరాదు. పాతబడి వేడెక్కు ల్యాప్‌టాప్‌ను పరుపుమీఁద నుంచి నడపరాదు. వైశాఖమాసపు తాండూరు ఎండలకు నాపరాతినేల సైతము కాలుచుండును. ఆ రెండు నెలలును దానిని కట్టిపెట్టి, తొలకరి పడిన తరువాత మరల నడపుఁడని మా మేనల్లునికిఁ జెప్పియున్నాము.