మెట్ల గేటు

ఇంగ్లండులోని రెడింగ్‌లో మేం అద్దెకున్నది విక్టోరియా రాణి కాలంనాటి ఎర్ర ఇటుకల వరస ఇళ్లలో ఒకటి. అటూ ఇటూ గోడలు పొరుగువాళ్లతో ఉమ్మడి. వీధి తలుపు తీయగానే ఎదురుగా మెట్లు, నిటారుగా, ఇరుగ్గా. పడకగదులు పైన, స్నానాలగది మాత్రం కింద, వంటింటి వెనకాల. కట్టినప్పుడు ఇంట్లో స్నానాలగదే లేదు, తరవాతెప్పుడో వెనకవైపు కలిపారు. రాత్రి ఎవరు లేచినా నిద్రకళ్లతో మెట్లు దిగాల్సిందే. మెట్లకి ఎలాంటి గేటు పెట్టాలన్న మా ఇంటి చర్చంతా చివరికి ఆ స్నానాలగది చుట్టూనే తిరిగింది.

విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరునెలలకి మించి ఉండనివ్వరు. అందుకే ఇక్కడి తెలుగిళ్లలో చాలావాటిల్లో పసిబిడ్డని చూసుకోవడానికి ముందు అమ్మ, ఆ తరవాత అత్తయ్య, అలా వంతులు. బోర్లాపడ్డప్పటి బొబ్బట్లు అమ్మ చేసిపెట్టి వెళ్లింది. అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చేసరికి మావాడు పొట్టమీద జరగడం మానేసి మోకాళ్లమీద పరిగెడుతున్నాడు. కార్పెట్ వేసిన మెట్టంటే వాడికి ఎక్కడలేని మోజు. వాణ్ణి చూడ్డానికి వచ్చిన హెల్త్ విజిటర్, అంటే పసిపిల్లల్ని ఇళ్లకొచ్చి చూసే నర్సు, మెట్లవైపు ఒకసారి చూసి, పైనా కిందా రెండుచోట్లా గేట్లుండాలని చెప్పి వెళ్లింది.

"మా మేడమెట్లకి నులకమంచం నిలబెట్టి తాడుతో కట్టేసేవాళ్లమమ్మా. ఇంత హంగామా ఎరగం" అన్నారు అత్తయ్యగారు. కాసేపాగి తనే సవరించుకున్నారు. "మంచం అడ్డమేంటిలే. మీ మామయ్యగారి నాయనమ్మ దాని పక్కనే కూర్చుని రోజంతా వత్తులు చేసుకునేది. అసలు కాపలా ఆవిడే."

మా ఆయనతో పనిచేసే ఒకాయన వాళ్లింట్లో వాడేసిన గేటు ఇస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. తీరా చూస్తే గోడకి ఆనించే నాలుగు బుడిపెల్లో రెండు లేవు, బిగించే పద్ధతి రాసిన కాగితమూ లేదు. గోడకి సరిగ్గా పట్టని గేటు కన్నా అసలు గేటు లేకపోవడమే నయం. లేదని తెలిస్తే మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు, ఉందనుకుంటే ధీమాగా అటు తిరుగుతాడు. థాంక్స్ చెప్పి వద్దన్నాం.

దుకాణంలో చూస్తే గేట్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రెండు గోడల మధ్య మరలు తిప్పి ఒత్తిడితో నిలబెట్టేది. గోడకి చిల్లు అక్కర్లేదు, అద్దె ఇళ్లవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. కాకపోతే దాని చట్రానికి అడుగున ఒక ఇనపకమ్మీ ఉంటుంది. గేటు తెరిచినా ఆ కమ్మీ నేలమీద అలాగే ఉంటుంది. రెండోది గోడకి స్క్రూలతో బిగించేది. దీనికి అడుగున ఏమీ ఉండదు, తెరిస్తే దారి మొత్తం ఖాళీ. మెట్ల పైన మొదటి రకం పెట్టకూడదని చాలా పెట్టెల మీద రాసే ఉంటుంది. పిల్లాడు బలంగా ఆనుకుంటే పట్టు జారొచ్చు. పెద్దవాళ్ల కాలికి కమ్మీ తగిలితే పడేది నేరుగా మెట్లమీదికే.

ఆ కమ్మీని చూడగానే నాకు పిల్లాడు గుర్తురాలేదు. మోకాళ్ల నొప్పులతో, నేతచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, అర్ధరాత్రి చీకట్లో దిగే అత్తయ్యగారు గుర్తొచ్చారు. గేటు పిల్లాడి కోసమే అయినా రోజుకి ముప్ఫైసార్లు దాన్ని దాటేది మేం ముగ్గురం. మాకు కుదరని గేటుని రెండురోజులు మూస్తాం, మూడోరోజు నుంచి బార్లా తెరిచి వదిలేస్తాం.

ఎన్నిక అత్తయ్యగారికే వదిలేశాను. ఆవిడ తన చేతిసంచీని చంకలో పిల్లాడిలా ఇరికించుకుని, వరసగా నిలబెట్టిన నమూనాలన్నీ ఎడంచేత్తో తీసి చూశారు. బొటనవేలితో గట్టిగా నొక్కి పైకెత్తాల్సినవాటిని "నా కీళ్లకి కాదు" అని పక్కన పెట్టారు. తెరలా చుట్టుకుపోయే వలగుడ్డ గేటు నాకు నచ్చింది. లాగి తగిలించడానికి రెండు చేతులూ కావాలని కొట్టేశారు. దానంతటదే టపీమని మూసుకునేది ఆవిడ కొంగు పట్టుకుంది. దుకాణంలో పనిచేసే కుర్రాడు నవ్వాపుకోలేక ఇంకో వరసలోకి వెళ్లిపోయాడు. నేను చూసుకున్నవి మూడే: బీఎస్ ఈఎన్ 1930 అన్న ప్రమాణం గుర్తు, అడ్డకమ్మీలు కాకుండా నిలువు ఊచలు, తలుపు మెట్లవైపు తెరుచుకోకుండా ఆపే బిళ్ల. అడ్డకమ్మీలుంటే మావాడికి అది నిచ్చెనే.

పైన స్క్రూలది, కింద ఒత్తిడిది అని తేలింది. ఇంటి ఓనరు, ఖాళీ చేసేటప్పుడు చిల్లులు పూడ్చి రంగేస్తే చాలన్నారు. కొలతలే తిప్పలు పెట్టాయి. గోడ అడుగున చెక్కపట్టీ ముందుకి పొడుచుకొచ్చి ఉండటంతో కింద ఒక వెడల్పు, నడుము ఎత్తున ఇంకో వెడల్పు. అన్నిటికన్నా ఇరుకైన చోటు కొలతే లెక్క. ఒకవైపు ఇటుకగోడ, డ్రిల్లుకి లొంగింది. రెండోవైపు నగిషీ చెక్కిన పాత చెక్కస్తంభం. దానికి చిల్లు పెట్టడానికి మనసొప్పక, పట్టీలతో పలక బిగించే సామాను విడిగా కొన్నాం. గేటు ఖరీదులో సగం అక్కడే పోయింది.

కింద గేటు అడుగుకమ్మీకి అత్తయ్యగారు జాకెట్టు పీసు చింపి ఎర్రగుడ్డ చుట్టారు, కంటికి ఆనేలా. తలుపు ఊపులకి ఒత్తిడి గేటు మరలు మెల్లగా వదులవుతాయి. ఆదివారం తలస్నానాలయ్యాక మా ఆయన వాటిని తిప్పి బిగించేవాడు.

గేట్లు పెట్టాక ఆవిడ ఊరుకోలేదు. రోజూ మధ్యాహ్నం కింద గేటు తెరిచి, మూడు మెట్ల పైన వాణ్ణి కూర్చోబెట్టి, తను కింద నిలబడేవారు. "వెనక్కి తిరుగు నాన్నా, పొట్టమీద దిగు, కాలు ముందు" అని పాదం పట్టుకుని కింది మెట్టుకి ఆనించేవారు. నాకు భయమేసేది. ఆ మాటే హెల్త్ విజిటర్ చెవిన వేస్తే, పక్కన పెద్దవాళ్లుండగా అలా వెనక్కి దిగడం నేర్పడం మంచిదేనంది. అత్తయ్యగారికి ఆ ఇంగ్లీషు అర్థమైందో లేదోగాని, నావైపు చూసిన చూపు మాత్రం నాకు బాగా అర్థమైంది.

ఈ గేట్లు మామూలుగా రెండేళ్లలోపు పిల్లలకే. మావాడు అంతకుముందే ఊచల మీద కాలేసి ఎగబాకడం మొదలుపెట్టాడు, తీసేశాం. ఆ వేసవిలో అమలాపురం వెళ్లాం. పెంకుటింట్లో గదిగదికీ ఎత్తైన గడపలు. వాడు ప్రతి గడప దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, పొట్టమీద పడుకుని, కాళ్లు ముందు జార్చి అవతలికి దిగుతుంటే వీధివీధంతా చూడ్డానికొచ్చింది. "ఇంగ్లండులో గడపలు ఇలా దాటుతారు కాబోలు" అని పక్కింటి మామ్మగారు అంటే, అత్తయ్యగారు కాదనలేదు.